లెక్కలో ఒకటి ఎక్కువ

ఆయన నంబరు నుంచి ఫోన్ వస్తే "జై హింద్ ఉస్తాద్" అంటూ ఎత్తడం నాకు అలవాటు. మొన్న మాఘమాసంలో ఒక పొద్దున్న, రాత్రి డ్యూటీ దిగే సిస్టర్ దగ్గర వార్డు అప్పజెప్పించుకుంటున్నాను. ఫోన్ మోగింది. అలాగే ఎత్తాను. అటునుంచి ఆయన భార్య గొంతు వినిపించింది.

"నానే అమ్మా. మీ ఉస్తాదు ఇంక పలకడు."

ఎలా పోయారు, ఎప్పుడు పోయారు అని అడగాలి. నా నోటి నుంచి మాత్రం, "టీ తాగారా?" అని వచ్చింది. ఎందుకలా అడిగానో తెలియదు. ఆయన తెల్లవారకుండానే లేచి టీ పెట్టుకుని తాగి, ఆ తర్వాతే భార్యను లేపేవారు. అది గుర్తొచ్చి ఉంటుంది. ఆవిడకి ఆ ప్రశ్న వింతగా అనిపించలేదు. "తాగినాడు. నాకూ పోసినాడు. నాను లేచేసరికి కుర్సీలోనే ఉన్నాడు," అంది.

మిలటరీలో శిక్షణ ఇచ్చేవాళ్లను ఉస్తాద్ అంటారు. ఆయనకూ ఒక పేరుండేది. కానీ ఆ పేరుతో నేను ఆయన్ని ఒక్కసారి కూడా పిలవలేదు, ఇప్పుడు రాయడానికీ చెయ్యి రావడం లేదు.

శ్రీకాకుళంలో డిగ్రీ చదివే రోజుల్లో నేను కేడెట్‌ని. వారానికి రెండు పూటలు ఖాకీ బట్టలు, నల్లబూట్లు వేసుకుని కాలేజీ మైదానంలో కవాతు చేసేవాళ్లం. మాకు నేర్పడానికి సైన్యం నుంచి వచ్చిన హవల్దారు ఆయన. ఎక్కడెక్కడి మంచుకొండల్లోనో పనిచేసి చివరికి సొంత జిల్లాకే వచ్చి పడ్డారు. ఊరు ఆమదాలవలస దగ్గరి పల్లె. పొట్టిమనిషి. ఇస్త్రీ మడత చెడని బట్టలు, చెవుల మీద తెల్లవెంట్రుకలు. ఆదేశాలన్నీ హిందీలో ఇవ్వాలని నియమం. "సావధాన్" వరకు ఆ నియమం బాగానే నడిచేది. ఆ తర్వాత ఏం చెప్పాలన్నా మా భాషలోకి దిగిపోయేవారు.

"సావధాన్! ఒసే ఆ సివరి గుంటా, సావధాన్ అంటే సచ్చినట్టు నిలబడమని కాదే. బతికినోల్లలాగ నిలబడు!"

మాకు నవ్వొచ్చేది. ఆయనకూ వచ్చేది. మమ్మల్ని "ఒసే" అని పిలిచినంతసేపు భయం లేదు. కోపం వస్తే మాత్రం మర్యాద మొదలయ్యేది. "అమ్మా, మీరు ఒకసారి ఇలగ రండి" అన్నారంటే ఆ పిల్ల పని అయిపోయినట్టే. ఒకసారి ఒకమ్మాయి బూట్లకు బదులు చెప్పులతో కవాతుకి వచ్చింది. ఆయన ఆమెను "మేడంగారూ" అన్నారు. ఆ పిల్ల ఏడ్చేసింది.

ఆయనలో అందరికీ ముందు కనిపించేది ఏరే అలవాటు. నడుస్తూ నడుస్తూ వంగేవారు. మేకు, గుండుసూది, చొక్కా గుండీ, ఎవరిదో జడక్లిప్పు, ఏది కనబడినా వేళ్లకు అంటుకుపోయేది. సాయంత్రం అయ్యేసరికి ప్యాంటు జేబు గలగలలాడేది. ఒకరోజు టిఫిన్లు తింటూ ఉండగా ఆ జేబు చూసి మాలో ఎవరో నవ్వితే ఆయన చెప్పారు.

"మా అయ్య బేగి పోనాడు. కోతలైపోనాక ఊరోల్ల సేలల్లో రాలిన గింజలు ఏరి మాయమ్మ మమ్మల్ని పెంచినాది. పరిగేరడం అంటారు, ఇన్నారా ఎప్పుడైనా? ఎనకాల నానూ ఏరీవోడ్ని. అక్కడ గింజలేరినాను, ఇక్కడ ఖోకాలేరతన్నాను. ఇంటిద్య, ఎక్కడికి పోతాది?"

ఖోకా అంటే ఏమిటో చెప్పాలి. తూటా పేలినప్పుడు ముందుండే సీసపు గుండు మాత్రమే వెళ్లిపోతుంది. దాని వెనకాల ఉండే ఇత్తడి తొడుగు రైఫిల్లోనే మిగులుతుంది. బోల్టు వెనక్కి లాగితే ఎగిరి కుడిపక్కన పడుతుంది. మేం వాడే చిన్న రైఫిల్‌కి అది చిటికెన వేలి చివరి కణుపంత ఉండేది. మిలటరీ వాళ్లు దాన్ని ఖోకా అంటారు. స్టోరు నుంచి ఎన్ని తూటాలు తీసుకెళ్తే అన్ని ఖోకాలూ తిరిగి అప్పజెప్పాలి. ఒకటి తగ్గిందంటే ఎవరో ఒక తూటాను పేల్చకుండా బయటికి పట్టుకుపోయారన్న అనుమానం వస్తుంది. విచారణలు, సంజాయిషీలు మొదలవుతాయి.

ఏడాదికొకసారి మమ్మల్ని కాల్పుల అభ్యాసానికి తీసుకెళ్లేవారు. ఆమదాలవలసలో పొద్దున్న పాసింజరు ఎక్కి గరివిడిలో దిగేవాళ్లం. అక్కణ్నుంచి మిలటరీ లారీ. ఫ్యాక్టరీ పొగగొట్టాలు వెనకబడ్డాక గోగుచేలు, జీడితోటలు దాటితే ఒక కొండ, దాని మొదట్లో ఎర్రమట్టి కట్ట. ఆ కట్టకు ముందు బొమ్మల అట్టలు పాతేవారు. మేం టార్పాలిన్ మీద బోర్లా పడుకుని కాల్చేవాళ్లం. మొదటిసారి కాల్చినప్పుడు భుజం అదిరి, చెవులు హోరెత్తి, లేచి ఆత్రంగా అడిగాను.

"ఉస్తాద్, తగిలిందా?"

"తగిలిందో నేదో ఆ కొండనడుగు. గుండు సంగతి అది సూసుకుంటాది. నీ ఖోకాలేవే?"

ఆయన చేతిలో ఒక సొట్టల సత్తుగిన్నె ఉండేది. మేం మోకాళ్ల మీద పాకుతూ, గడ్డి పాయలు తీసి తీసి ఖోకాలు ఏరి ఆ గిన్నెలో వేయాలి. ఒక్కొక్కటి టంగుమని పడుతుంటే ఆయన మొహం విచ్చుకునేది. ఎవరు బాగా కాల్చారన్నది ఆయనకి పట్టేది కాదు. ఎవరు ముందు ఏరి తెచ్చారో వాళ్లకే శభాష్.

నేను చివరి సంవత్సరంలో ఉండగా వెళ్లిన అభ్యాసంలో ఒక ఖోకా తగ్గింది.

మాతో వచ్చిన లెక్చరర్ మేడం బిడ్డకి జ్వరమని మధ్యాహ్నమే వెనక్కి వెళ్లిపోయారు. అక్కడ మిగిలిన మగవాళ్లలో పెద్ద ఉత్తరాది సుబేదారు సాబ్. స్టోరు చూసుకునే నాయక్ ఒకడు, లారీ డ్రైవరు ఒకడు, ఉస్తాద్. కాల్పులు అయిపోయాయి. సాయంత్రం పాసింజరు అందుకోవాలని మేం సంచులు సర్దుకుంటున్నాం. ఉస్తాద్ గిన్నెలో ఉన్నవాటిని టార్పాలిన్ మీద పోసి వరసల్లో పేర్చారు. మళ్లీ కలిపేసి మళ్లీ పేర్చారు. లేచి నిలబడి, "అమ్మా, మీరందరూ ఒకసారి ఇలగ రండి," అన్నారు.

ఆ మర్యాద వినగానే సంచులు కింద పెట్టేశాం.

వెతికాం. గడ్డి వెతికాం, రాళ్లు తిరగేశాం. జేబులు బయటికి లాగి చూపించాం, బూట్లు విప్పి దులిపాం. ఎండ వాలిపోయింది. ఉస్తాద్ దగ్గరి పల్లెకి పరిగెత్తి జల్లెడలు పట్టించుకొచ్చారు. జల్లెడలతో పాటు నలుగురైదుగురు ఆడవాళ్లూ వచ్చారు. ఎర్రమట్టి దోసిళ్లతో ఎత్తి జల్లిస్తూ అందులో ఒక ముసలామె అడిగింది.

"ఏటి బాబూ పోయింది? బంగారవా?"

"కాదమ్మా, ఇత్తడి."

"ఇత్తడికేటి ఇంత గోల?"

"గోల ఇత్తడికి కాదమ్మా. లెక్కకి."

ఆమెకేం అర్థమైందో కాని, జల్లించడం మానలేదు.

సుబేదారు సాబ్ వాచీ చూసుకున్నారు. ఠాణా నుంచి ఆడపోలీసుల్ని పిలిపిద్దాం, ఈ పిల్లలందరినీ బట్టలు విప్పించి తనిఖీ చేయించాలి, అప్పటిదాకా ఒక్కరూ కదలకూడదు అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. నియమం అలా ఉంది, చెప్పారు. మాకు హిందీ అంతంతమాత్రమే అయినా ఆ మాట మాత్రం అందరికీ అర్థమైంది. పొందూరు నుంచి వచ్చే పిల్ల ఒకతి కూలబడి వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. పోలీసులు తనిఖీ చేశారని ఊళ్లో తెలిస్తే వాళ్ల నాన్న చదువు మాన్పించేస్తాడట. ఇంకో ఇద్దరు ఆమెను పట్టుకుని ఏడ్చారు. నేను ఏడవలేదు కాని, ఒకసారి దులిపిన బూట్లే మళ్లీ విప్పి దులిపాను.

ఉస్తాద్ సాబ్ ముందు నిలబడి, "ఇంకొక్కసారి సూస్తాను సాబ్, ఒక్కసారి," అని తెలుగులో అన్నారు. హిందీలో చెప్పడం మరిచిపోయారు. సాబ్‌కి మాట అర్థం కాకపోయినా తల ఊపారు.

ఉస్తాద్ లారీ వెనక్కి వెళ్లారు. స్టోరు నాయక్ అక్కడే ఉన్నాడు. కాసేపటికి ఇవతలికి వచ్చి, మేం వందసార్లు వెతికిన చోటే ఒక గడ్డిదుబ్బు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నారు. చెయ్యి పెట్టి తీశారు.

"దొరికింది సాబ్."

మేం కేకలు పెట్టాం, చప్పట్లు కొట్టాం. పల్లె ఆడవాళ్లు కూడా నవ్వారు. ఆయన ఒక్కరే నవ్వలేదు. దాన్ని గిన్నెలో వేసేటప్పుడు గిన్నె వంక చూడలేదు కూడా. అలిసిపోయారనుకున్నాను. లారీ ఎక్కి, స్టేషన్లో పరుగులు తీసి, కదలబోతున్న పాసింజరు ఎక్కేశాం. పొందూరు పిల్ల తన స్టేషన్లో దిగి కిటికీలోంచి ఆయనకి దణ్ణం పెట్టింది. ఆయన చెయ్యెత్తి ఊరుకున్నారు.

ఇంటికి వెళ్లి బట్టలు మార్చుకున్నాను. మా అమ్మ పెరట్లో నా ఖాకీ చొక్కా నానబెడదామని, మోచేతుల పైదాకా మడిచిన చేతులు విప్పింది. ఎడమచేతి మడతలోంచి ఏదో రాలి చాకిరేవు బండ మీద పడింది.

"ఇదేటే?" అంది.

నేను చూశాను. ఖోకా. నా పక్కన పడుకుని కాల్చిన పిల్ల రైఫిల్లోంచి ఎగిరి నా చొక్కా మడతలో పడి ఉంటుంది. జేబులు తిరగేశాం, బూట్లు దులిపాం, చేతుల మడతలు మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

అమ్మకి అంతా చెప్పాను. ఆమె విని, "దొరికిందన్నారు కదా? అయితే ఇంకేటి? కాలవలో పారీయ్. పోలీసోల్ల గొడవ మనకెందుకు," అంది.

పారేయలేదు. ఆ వయసులో నాకు తట్టిన తర్కం ఒక్కటే. ఒకటి తగ్గిందని అంత వెతికారు కదా, ఇది దొరికితే సంతోషిస్తారు. మరి గడ్డిదుబ్బులో దొరికింది ఏమిటి అన్న ప్రశ్న నాకు రాలేదు. లెక్కపెట్టడంలో ఏదో పొరపాటు జరిగి ఉంటుందిలే అనుకున్నాను. పొద్దున్నే బస్సెక్కి శ్రీకాకుళంలో వాళ్ల ఆఫీసుకి వెళ్లాను. ఉస్తాద్ వరండాలో బెంచీ మీద కూర్చుని బెల్టు బిళ్ల తోముకుంటున్నారు. నన్ను చూసి, "ఏటే, ఇయ్యాల కవాతు నేదు కదా," అన్నారు.

అరచేయి చాపి చూపించాను.

ఆయన దాన్ని తీసుకోలేదు. బెల్టు పక్కన పెట్టారు. గుడ్డ మడిచారు. అప్పుడు లేచి నిలబడ్డారు.

"ఎక్కడిదమ్మా ఇది?"

అమ్మా అన్నారు. నాకు భయం వేసింది. గబగబా చెప్పాను. చొక్కా మడత, అమ్మ, బండ.

"ఇంకెవులికైనా సెప్పినారా?"

"మా అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు ఉస్తాద్."

"ఏటన్నారు ఆవిడ?"

"కాలవలో పారేయమంది."

ఆయన పెదవి ఒక పక్కకి నవ్వింది. "తెలివైనావిడ," అన్నారు. తర్వాత దాన్ని నా చేతిలోంచి తీసుకుని చొక్కాజేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నారు. "మంచి పని సేసినారు. ఎల్లండి, కాలేజీకి ఆలస్యమవుతాది."

మెచ్చుకున్నారో కోప్పడ్డారో తెలియకుండానే బయటికి వచ్చాను. గేటు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఆయన ఇంకా అలాగే నిలబడి ఉన్నారు.

పై వారం కవాతుకి వేరే ఉస్తాద్ వచ్చాడు. పాతాయన్ని వెనక్కి పంపేశారట అన్నారు. ఏదో తప్పు చేశారట అన్నారు. ఏం తప్పో ఎవరికీ తెలియదు. పరీక్షలు వచ్చాయి, నేను నర్సింగుకి వెళ్లిపోయాను.

ఏళ్లు గడిచాయి. శ్రీకాకుళంలోనే ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తున్నాను. ఒకరోజు మగవాళ్ల వార్డులో గొడవ. వెళ్లి చూస్తే, చేతికి సెలైన్ పెట్టిన ఒక పెద్దాయన స్టాండును ఒక చేత్తో పట్టుకుని మంచం కిందకి దూరుతున్నాడు. ఆయా అరుస్తోంది.

"ఓ బాబూ, పడిపోతావు, రా ఇవతలికి!"

"ఉండవే. సూది ఇక్కడెక్కడో పడ్డాది. ఎవుడి కాల్లోనైనా గుచ్చుకుంటాది."

గొంతు విన్నాక మొహం చూడక్కర్లేకపోయింది. ఆ మంచం పక్కన అటెన్షన్లో నిలబడి "జై హింద్ ఉస్తాద్" అన్నాను. మంచం కింద కదలిక ఆగింది. తల బయటికి వచ్చింది. ముందు నా బూట్లు చూశారు, తర్వాత మొహం.

"ఒసే గుంటా!" అన్నారు. "బతికినోల్లలాగే నిలబడ్డావే!"

అప్పట్నుంచి నేను వాళ్ల ఊరు వెళ్లివస్తూ ఉండేదాన్ని. రెండు గదుల ఇల్లు, ముందు వేపచెట్టు, కాస్త పొలం. పిల్లలు లేరు. లుంగీ మీద మిలటరీ బెల్టు పెట్టుకుని పొలానికి వెళ్లేవారు. వేరుశనగ పీకిన చేలో కూలీలందరూ వెళ్లిపోయాక ఒక్కరే కూర్చుని మట్టిలో మిగిలిన కాయలు ఏరేవారు. భార్య గట్టు మీద నుంచి, "ఒగ్గీయ్ ఆ నాలుక్కాయలు, పిట్టలైనా తింటాయి," అని అరిచేది. ఆవిడది పెద్ద గొంతు. మొహమాటం లేని మనిషి. నాకు మొదటిరోజే, "నన్ను పిన్నీ అనీయ్, మేడం గీడం అనకు," అని చెప్పేసింది.

ఒకరోజు వరండాలో కూర్చుని ఉన్నాం. ఆవిడ చింతపండు గింజలు తీస్తోంది. మాటల్లో పింఛను సంగతి వచ్చింది. పక్క ఊళ్లో ఎవరో ఈయనతో పాటు సైన్యంలో చేరినవాడు హవల్దారు దాటి సుబేదారై రిటైరయ్యాడట.

"మీ ఉస్తాదూ అయిపోవలసినోడే. కాయితాలు కూడా ఎల్లిపోనాయి. ఎవులో ఒక ఆడగుంట వచ్చి, పోయిన ఖోకా దొరికిందని తెచ్చి ఇచ్చినాదట. దానితో సుబేదారీ గంగలో కలిసిపోనాది."

ఉస్తాద్ దగ్గారు. "ఒసే, టీ పెట్టు," అన్నారు.

"ఇప్పుడే కదా తాగినావు?"

"మల్లీ పెట్టు."

ఆవిడ లేవలేదు. మొదలుపెట్టిన కథ పూర్తిచేసింది. ఆరోజు గడ్డిదుబ్బులో దొరికినట్టు చూపించిన ఖోకా దొరికింది కాదు. స్టోరు నాయక్ ఇలాంటి రోజుల కోసం దాచుకున్న పాతది. ఆడపిల్లల్ని బట్టలు విప్పించి చూస్తారనేసరికి ఈయన అది పుచ్చుకుని అబద్ధమాడాడు. ఉద్యోగంలో చేరాక అదే మొదటి అబద్ధం. మర్నాడు ఆ పిల్ల నిజమైన ఖోకా తెచ్చింది. ఇప్పుడు లెక్కలో ఒకటి ఎక్కువ. తగ్గితే దొంగతనం, ఎక్కువైతే మోసం. ఈయన ఆ సాయంత్రమే పెద్ద అధికారి ముందుకెళ్లి, నిన్న నేను పెట్టింది దొంగఖోకా, అసలుది ఇదిగో అని బల్ల మీద పెట్టాడు. ఆ దొంగది ఎక్కడిదంటే తన పెట్టెలోదే అన్నాడు. నాయక్ పేరు చెప్పలేదు. పైకి వెళ్లిన కాగితాలు మధ్యలోనే ఆగిపోయాయి. హవల్దారుగానే ఇంటికి వచ్చాడు.

"ఆ గుంట ఎవులో గాని," అంది ఆవిడ, గింజ తీసి పళ్లెంలో పడేస్తూ, "బతికున్నాదో నేదో."

"ఆ గుంటని నేనే పిన్నీ," అన్నాను.

ఆవిడ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. ఉస్తాద్ నేల చూస్తున్నారు.

"నువ్వా? నీకెవులూ సెప్పనేదేటే, కాలవలో పారీయమని?" అంది.

"మా అమ్మ చెప్పింది."

"మరి?"

ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది. పళ్లేల చప్పుడు వినిపించింది. టీ గిన్నె పెట్టిన చప్పుడు కాదు.

నేను ఉస్తాద్ వైపు తిరిగాను. "నాకు తెలియక తెచ్చాను. మీకు తెలుసు కదా. మీరైనా పారేయవలసింది," అన్నాను. ఆ మాటలో కోపం ఉంది. ఎవరి మీదో నాకే తెలియలేదు.

ఆయన బెల్టు సర్దుకున్నారు.

"పారేద్దావనే ఎల్లినాను. నువ్వెల్లిపోనాక సైకిలెక్కి నాగావళి వంతెన మీదికెల్లి ఆగినాను. జేబులోంచి తీసినాను. కిందకి సూస్తే నీల్లు నేవు. ఎండాకాలం కదా, అంతా ఇసకే. ఇసకలో పడితే ఎవుడో ఒక గుంటడు ఏరుకుంటాడు కదా అనిపించినాది. మల్లీ జేబులో ఏసుకున్నాను."

"నీళ్లుంటే?"

"నీల్లుంటే పారేసుందునేమో. నాకే తెల్దు."

లోపల్నుంచి ఆవిడ గొంతు వచ్చింది. "అబద్ధం! నాతో అలగ సెప్పనేదు. 'ఆ గుంట సంబరంగా తెచ్చినాదే, దాని మొకం గుర్తొచ్చి సెయ్యి రానేదు' అన్నావు."

"అదీ నిజవే," అన్నారాయన మెల్లగా.

ఆ తర్వాత కొన్ని నెలలు నేను వాళ్ల ఊరు వెళ్లలేదు. వెళ్లాలనిపించేది, బస్టాండు దాకా వెళ్లి వెనక్కి వచ్చేసేదాన్ని. నేను చేసింది తప్పు కాదు. ఆయన చేసిందీ నాకు తప్పుగా తోచదు. రెండూ కలిసి మాత్రం ఒక మనిషి జీవితంలోంచి ఒక మెట్టు తీసేశాయి. వార్డులో మత్తుమందు ఖాళీ సీసాలు లెక్కపెట్టి అప్పజెప్పే ప్రతిసారీ నాకు ఇదే ఆలోచన. ముందే తెలిసి ఉంటే ఆరోజు కాలవలో పారేసేదాన్నా? ఒకరోజు అవును అనిపించేది, ఇంకోరోజు కాదు అనిపించేది. ఆయన వంతెన మీద నిలబడ్డట్టే నేనూ నిలబడి ఉన్నాను, ఇన్నేళ్లు ఆలస్యంగా.

చివరికి ఆయనే ఫోన్ చేశారు.

"ఏటమ్మా, మీరు రావడం మానేసినారు?"

మీరు! "వస్తాను ఉస్తాద్," అన్నాను.

"నానేటీ అడగట్లేదు. మీ పిన్ని అడగమన్నాది. తేగలు తీసినాది, నీకోసం దాసినాదట. నాకొక్కటి పెట్టట్లేదు. బేగి రాయే."

వెళ్లాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. పలకరింపేమీ లేదు. ఉడికించిన తేగ ఒకటి చీల్చి నా చేతిలో పెట్టింది.

"నాకు కోపం పోనేదు," అంది. "అయినా రా. కోపం ఉంటే ఏటి, మనుసులు రాకూడదేటి?"

ఆవిడ కోపం ఎప్పుడూ పూర్తిగా పోలేదు. ధరలు పెరిగినప్పుడల్లా, పైకప్పు కారినప్పుడల్లా సుబేదారు పింఛను లెక్క చెప్పి ఆయన్ని తిట్టేది. ఆయన, "ఆఁ, ఆఁ," అంటూ వినేవారు. ఒక్కోసారి ఆ తిట్లలో నాకూ వాటా వచ్చేది. వాటా వచ్చిన రోజే కూర ఎక్కువ వడ్డించేది.

పెద్దకర్మ రోజు సెలవు పెట్టి వెళ్లాను. ఇంటి ముందు షామియానా వేశారు. ఆయన తమ్ముడి కొడుకు, వాడి స్నేహితులు వేపచెట్టుకి పెద్ద ఫ్లెక్సీ కడుతున్నారు. ఎప్పటిదో యూనిఫాం ఫొటో పెద్దది చేయించారు. చుట్టూ గులాబీలు, కింద దీపం. పిన్ని వచ్చి నా పక్కన నిలబడింది. ఆవిడకి చదువు రాదు.

"ఏటి రాసినారు? సదువు."

పైకి చదివాను. "సుబేదార్..." అని ఆగిపోయాను. ఆ మాట దాటేసి పేరు మాత్రం చదవొచ్చు. ఆవిడకి ఎప్పటికీ తెలియదు. కానీ అప్పటికే చదివేశాను.

"ఏటి?" అంది.

"సుబేదార్ అని వేశారు పిన్నీ."

ఆవిడ ఫ్లెక్సీని చూసింది. ఆ మాట కోసం ఆవిడ ఎంత కొట్టుకుందో నాకు తెలుసు. సంతోషిస్తుందేమోననుకున్నాను.

"ఒరే, దింపు దాన్ని," అంది.

తమ్ముడి కొడుకు నిచ్చెన మీద నుంచి కంగారుగా చూశాడు. "ఏటైంది పెద్దమ్మా? జనం వచ్చేస్తన్నారు. ఊరంతా సుబేదారు బాబనే కదా అంటారు, గౌరవంగా ఉంటాదని ఏయించినాం."

"ఊరోల్లు అన్నప్పుడల్లా 'కాదు బాబూ, హవల్దారుని' అని దిద్దీవోడు. ఇప్పుడు దిద్దడానికి ఆయన లేడు. నానున్నాను. దింపు."

"పోనీలే పెద్దమ్మా, నువ్వు మాత్రం ఆ సుబేదారీ కోసమే కదా ఇన్నాల్లూ తిట్టినావు?"

"తిట్టినాను. నా మొగుడు, నా ఇష్టం. ఆయన ఒదులుకున్నదాన్ని నువ్వెవుడివిరా ఎత్తుకోడానికి?"

వాడు దింపాడు. కొత్తది వేయించడానికి సమయం లేదు. ఇంట్లో ఉన్న ఒక తెల్లకాగితం చించి, నా సంచిలో ఉన్న వార్డు మార్కరుతో దాని మీద "హవల్దార్" అని రాశాను. గట్టిగానే రాశాను. కుర్రాళ్లు ఫ్లెక్సీ అంచులు సాగదీసి పట్టుకుంటే అన్నం మెతుకులతో ఆ మాట మీద అంటించాను. మళ్లీ ఎత్తి కట్టారు.

ఆవిడ నాలుగడుగులు వెనక్కి వేసి, కళ్లు చిట్లించి చూసింది. అక్షరాలు తెలియవు కనుక కాగితాన్నే చూసింది.

"కాస్త వంకరగా ఉన్నాది," అంది.

"తీసి సరిగ్గా పెట్టనా పిన్నీ?"

"ఒద్దు. అలగే ఉండనీ."

వీధి మలుపులో మనుషుల మాటలు వినిపించాయి. ఆవిడ చీర కొంగు నడుముకి చుట్టుకుని, "వస్తన్నారు, విస్తర్లు ఎయ్యండి," అని లోపలికి కేకేసింది.